తప్పని తెలిసీ చేస్తాం, పైగా సమర్థించుకుంటాం. ఎందుకు?

సిగరెట్ ప్రాణం తీస్తుందని నమ్మే మనిషే రోజూ కాలుస్తాడు. అడిగితే "మా తాత కాల్చీ తొంభై ఏళ్లు బతికాడు" అంటాడు. ఈ రెండూ ఒకే బుర్రలో ఎలా ఇముడుతాయన్నది ప్రశ్న.

ఇమడవు. లోపల పీకుతూనే ఉంటాయి. ఆ ఇబ్బందికే 1957లో అమెరికన్ మనస్తత్వవేత్త లియోన్ ఫెస్టింగర్ 'కాగ్నిటివ్ డిసొనెన్స్' అని పేరు పెట్టాడు. అలవాటు మానడం కష్టం, నమ్మకాన్ని కాస్త వంచుకోవడం తేలిక. అందుకే తాతగారు గుర్తొస్తారు.

ఆయన, జేమ్స్ కార్ల్‌స్మిత్ అనే మరో మనస్తత్వవేత్త కలిసి చేసి, 1959లో ప్రచురించిన ప్రయోగం నాకు భలే ఇష్టం. విద్యార్థుల చేత గంటసేపు మేకులు తిప్పడం లాంటి పరమ బోరు పని చేయించారు. తర్వాత, బయట ఎదురుచూస్తున్న మనిషితో "చాలా సరదాగా ఉంది" అని అబద్ధం చెప్పమన్నారు. అందుకు కొందరికి 1 డాలర్, కొందరికి 20 డాలర్లు. చివర్లో పని నిజంగా ఎలా ఉందని అడిగితే, ఎక్కువగా మెచ్చుకున్నది 1 డాలర్ వాళ్లే! 20 డాలర్లు తీసుకున్నవాడికి 'డబ్బు కోసం చెప్పాన్లే' అనే సాకు ఉంది. ఒక్క డాలర్‌కి అబద్ధమాడానని తనకు తాను ఒప్పుకోవడం మాత్రం ఎవరికైనా కష్టమే. దాంతో వాళ్లు, తమకే తెలియకుండా, అసలది అబద్ధమే కాదనుకున్నారు.