పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు: చెన్నైలో మన పిల్లల తెలుగు

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. బడిలో తమిళం తప్పనిసరి. ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడుతుంది గాని ఒక్క అక్షరం చదవలేదు. తరతరాలుగా ఇక్కడే ఉంటున్న మనపై తమిళాన్ని రుద్దడం అన్యాయం కాదా? దీన్ని ఎదిరించాలా, సర్దుకుపోవాలా?
— ఒక తల్లి, పెరంబూరు

సమాధానం: మీ ఉత్తరంలో రెండు బాధలు కలిసిపోయి ఉన్నాయమ్మా. అమ్మాయి తమిళం చదవవలసి రావడం ఒకటి, తెలుగు చదవలేకపోవడం మరొకటి. మొదటిదాని వల్లనే రెండోది వచ్చిందని మనలో చాలామంది నమ్ముతున్నారు. నేను నమ్మను.

2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి, ఏటా ఒక్కో తరగతికి విస్తరిస్తూ, పదో తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి చేశారు. మొదటి భాగం తమిళం, రెండో భాగం ఇంగ్లీషు, మూడో భాగం గణితం, విజ్ఞానశాస్త్రం వంటి పాఠ్యాంశాలు కాగా, తమిళమూ ఇంగ్లీషూ మాతృభాష కాని పిల్లలు తమ భాషను నాలుగో భాగంగా, ఐచ్ఛికంగా చదువుకోవచ్చు. పదో తరగతి పరీక్షలో తమిళం నుంచి మినహాయింపు కోరుతూ భాషాపరమైన అల్పసంఖ్యాకులు న్యాయస్థానాలకు వెళ్లారు. 2023లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును మరో ఏడాది పొడిగించింది కూడా. బడిలో తమిళ ఉపాధ్యాయుడే లేక నష్టపోయిన పిల్లలకు ఆ ఊరట అవసరమే. కాని ఇక్కడే పుట్టి, ఇక్కడే బతకబోయే పిల్లకు తమిళం చదవడం రాకపోతే కోల్పోయేది ఆమే.

తెలంగాణ ప్రభుత్వం 2018లో చట్టం చేసి తమ రాష్ట్రంలోని బడులన్నింటిలో తెలుగు బోధనను తప్పనిసరి చేసినప్పుడు మనం ఎంతో సంతోషించాం. హైదరాబాదులో పుట్టి పెరిగిన తమిళ కుటుంబాల పిల్లలు కూడా ఆ చట్టం కిందికే వస్తారు. అక్కడ న్యాయమనిపించినది ఇక్కడ అన్యాయమని ఏ ముఖంతో అనగలం? ఏ రాష్ట్రంలో నివసిస్తే ఆ రాష్ట్రపు భాష నేర్చుకోవాలన్న నియమాన్ని రెండు చోట్లా ఒప్పుకోవాలి, లేదా రెండు చోట్లా కాదనాలి. నేను ఒప్పుకుంటాను.

అసలు అన్యాయం ఆ నాలుగో భాగంలో ఉంది. ఐచ్ఛికమని పేరు పెట్టిన పాఠ్యాంశానికి కాలనిర్ణయ పట్టికలో చోటు దొరకదు, ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేస్తే ఆ స్థానంలో మరొకరు రారు, పిల్లలు తగ్గారంటూ తరగతిని మూసివేస్తారు, తరగతి లేదు గనుక మరుసటి ఏడు పిల్లలు ఇంకా తగ్గుతారు. తమిళం వచ్చి తెలుగును తోసివేయలేదు. తెలుగు తరగతిని నిలబెట్టే బాధ్యతను అందరూ వదిలేశారు. ఆ అందరిలో తల్లిదండ్రులమైన మనం కూడా ఉన్నాం. బడిలో తెలుగు ఉన్న రోజుల్లో సైతం ఎక్కువ మార్కులు వస్తాయన్న ఆశతో పిల్లలను వేరే భాషల్లో చేర్చినవాళ్లం మనమే కదా.

ఈ విషయంలో మన రాజ్యాంగం మౌనంగా లేదు. 1956లో ఏడో సవరణతో చేరిన 350ఎ అధికరణం ప్రకారం, భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రతి స్థానిక సంస్థా కృషి చేయాలి. దీనికి ముందే, 1949లో జరిగిన రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క చెప్పింది: ఒక తరగతిలో పదిమంది గాని, బడి మొత్తంలో నలభైమంది గాని ఆ భాష పిల్లలుంటే ఉపాధ్యాయుణ్ణి నియమించాలి. ఈ మాటలు ప్రాథమిక దశకు చెందినవి గనుక ఏడో తరగతిలో ఉన్న మీ అమ్మాయికి నేరుగా అక్కరకు రాకపోవచ్చు. మీ వీధిలో ఒకటో తరగతిలో చేరబోయే పిల్లలకు మాత్రం తప్పకుండా వస్తాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా నమోదు చేసుకున్నవారు నూటికి దాదాపు ఆరుగురు. పెరంబూరు, కొరుక్కుపేట, చాకలిపేట వంటి చోట్ల పదిమంది పిల్లలు దొరకరని ఎవరూ అనలేరు. బడిలో చేర్చే దరఖాస్తులో మాతృభాష అన్న చోట తెలుగు అని రాయండి, పది కుటుంబాలవారు కలిసి కార్పొరేషన్ బడి ప్రధానోపాధ్యాయునికి లిఖితపూర్వకంగా అడగండి, అడిగినట్లు రసీదు తీసుకోండి. అక్కడ పని జరగకపోతే 350బి అధికరణం కింద ఏర్పడిన భాషాపరమైన అల్పసంఖ్యాకుల కమిషనరుకు రాయవచ్చు. మన ఎదిరింపు ఇలా ఉండాలి. ఇందులో తమిళంతో మనకు తగవేమీ లేదు.

ప్రశ్న: కేంద్రం మూడు భాషలు చదవాలంటోంది, తమిళనాడు రెండు చాలంటోంది. మూడో భాషగా తెలుగు వచ్చే వీలుంది గనుక మనవాళ్లు కేంద్రం పక్షాన నిలవడం మంచిది కాదా?
— ఒక పాఠకుడు, అంబత్తూరు

సమాధానం: కాగితం మీద మీ లెక్క సరైనదే. 2020 జాతీయ విద్యావిధానం మూడు భాషల్లో కనీసం రెండు భారతీయ భాషలు కావాలని, ఏ భాషనూ ఏ రాష్ట్రంపైనా రుద్దబోమని చెబుతోంది. కాని 1968 నాటి జాతీయ విధానంలోనే హిందీ రాష్ట్రాల పిల్లలు ఒక దక్షిణాది భాష నేర్చుకుంటే మేలని రాశారు. ఆచరణలో ఆ స్థానం చాలాచోట్ల సంస్కృతానికి పోయింది. ఉపాధ్యాయులను నియమించకుండా సూత్రం ఎంత ఉదారంగా రాసుకున్నా జరిగేది అదే. రేపు ఇక్కడ మూడో భాష వచ్చినా, ఏ భాషకు ఉపాధ్యాయులు సులువుగా దొరికితే ఆ భాషే తరగతి గదిలోకి వస్తుంది. అది తెలుగు అవుతుందన్న నమ్మకం నాకు లేదు.

ఈ విద్యావిధానాన్ని ఒప్పుకోనందుకు, బడులకు కేంద్రం సాయమందించే సమగ్ర శిక్షా పథకం కింద 2024-25కు రావలసిన 2,152 కోట్ల రూపాయలను కేంద్రం ఆపివేసిందని తమిళనాడు చెప్పింది. విధానం మీద ఎంత వాదన ఉన్నా, బడి పిల్లల సొమ్మును ఆ వాదనలో పణంగా పెట్టడం తప్పని నా దృఢమైన అభిప్రాయం. ఆ సొమ్ముతో నడిచే బడుల్లో మన పిల్లలు కూడా ఉన్నారు.

ఇక తమిళనాడు విషయానికి వస్తే, 1968 జనవరిలో అణ్ణాదురై ప్రభుత్వం శాసనసభలో ద్విభాషా విధానాన్ని తీర్మానించినప్పుడు దాని వెనుక ఉన్న ఆవేదన నిజమైనది. ఎక్కువమంది మాట్లాడుతున్నారన్న కారణంతో ఒక భాష మరో భాషను అణగదొక్కరాదన్నది ఆ వాదన. అదే వాదనను రాష్ట్రం లోపలి తెలుగు, కన్నడ, మలయాళ, ఉర్దూ పిల్లలకు వర్తింపజేయమని మనం గౌరవంగా, పదేపదే అడగాలి. ఢిల్లీని తమిళులు అడుగుతున్నది, చెన్నైని మనం అడగవలసినది ఒకటే. అందువల్ల ఏదో ఒక పక్షం చేరడం కంటే ఈ అడగడం మీదే నాకు ఆశ ఎక్కువ.

ప్రశ్న: నాకు ఇరవై నాలుగేళ్లు. మాది కోవిల్‌పట్టి వైపు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, ఎవరికీ రాయడం రాదు. ఈ వయసులో నేర్చుకోగలనా?
— ఒక పాఠకుడు, తరమణి

సమాధానం: మీరు తమిళ లిపిలో రాసి పంపిన తెలుగు ఉత్తరాన్ని నేను రెండుసార్లు చదువుకున్నాను నాయనా. మదురై నాయకుల కాలం నుంచి దక్షిణాదిన ఏ బడి అండా లేకుండా, నోటి నుంచి నోటికే బతికిన తెలుగు మీది. తెలుగు నేల మీద ఎప్పుడూ నివసించని తరాలు దాన్ని మీ దాకా చేర్చాయి. దానికి లిపి ఒక్కటే తక్కువ.

తమిళం చదవగలగడం మీకు పెద్ద సాయం. అచ్చుల వరుస దాదాపు ఒకటే; హిందీ చదివినవారికి కొత్తగా తోచే హ్రస్వమైన ఎ, ఒ మీకు ముందే తెలుసు. తమిళంలో ఒకే అక్షరం మాటలోని చోటును బట్టి క గానో గ గానో పలుకుతుంది, తెలుగులో క, ఖ, గ, ఘ వేర్వేరు అక్షరాలు. ఇది వారం రోజుల్లో అలవాటవుతుంది. కష్టపెట్టేవి ఒత్తులు. తమిళంలో పుళ్ళి (అక్షరం పైన చుక్క) పెట్టి పక్కపక్కనే రాసేదాన్ని మనం అక్షరం కింద చేరుస్తాం. గుణింతాలు పూర్తి చేసి, ముందు క్క, త్త, ల్ల వంటి ద్విత్వాలు, తర్వాత సంయుక్తాక్షరాలు రాయండి. అటుపైన మీ ఇంట్లో నోటికి వచ్చిన త్యాగరాజ కీర్తన ఒకటి తీసుకుని అచ్చులో చూస్తూ చదవండి. మాట ముందే తెలుసు గనుక కన్ను త్వరగా పట్టుకుంటుంది. రోజుకు అరగంట చొప్పున మూడు నెలలు చాలు. అప్పుడు మీ అమ్మమ్మగారు వాడే మాటలు, మా నిఘంటువుల్లో లేనివి, ఒక పుస్తకంలో రాసిపెట్టండి. వాటిలో కొన్నింటిని ఈ శీర్షికకు పంపితే తప్పక అచ్చువేస్తాం.