టి.డి.ఎస్. 420 ఉన్న బోరు నీరు పిల్లలకు మంచిదేనా?

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. మా ఇంటి బోరు నీరు తేటగా, రుచిగా ఉంటుంది. మా అబ్బాయి టి.డి.ఎస్. (లీటరు నీటిలో కరిగిన లవణాల మొత్తం, మిల్లీగ్రాములలో) మీటరుతో చూస్తే 420 వచ్చింది. 500 లోపు ఉంటే నిశ్చింతగా తాగవచ్చని అందరూ అంటున్నారు. కానీ ఏడేళ్ల మా మనవరాలికి కొత్తగా వచ్చిన పళ్ల మీద పసుపు గారలు కనబడుతున్నాయి. నీటిని ఎక్కడ పరీక్ష చేయించాలి? కాచి తాగితే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా పాపను దంతవైద్యునికి చూపించండి, గారలకు కారణం పళ్లను చూసినవారే చెప్పగలరు. అయితే మీ ప్రాంతాన్ని బట్టి, నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందో తెలుసుకోవడంలో ఆలస్యం చేయవద్దు. తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్లపై గారలు ఏర్పడతాయి, ఎముకలు కూడా దెబ్బతింటాయి; దీనినే ఫ్లోరోసిస్ అంటారు. మన దేశంలో ఈ వ్యాధిని 1937లో తొలిసారి గుర్తించినది నెల్లూరు జిల్లాలోనే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకు కనిగిరి కూడా ఆ జిల్లాలోనే ఉండేది.

మీటరు చూపిన అంకె నీటిలో కరిగిన లవణాలన్నిటి మొత్తాన్ని మాత్రమే, అది కూడా ఉజ్జాయింపుగా, తెలుపుతుంది. భారతీయ ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీటి వనరు లేనిచోట 1.5 వరకు అనుమతిస్తారు. 420 మిల్లీగ్రాముల లవణాలలో ఫ్లోరైడ్ అర మిల్లీగ్రాము ఉన్నా, ప్రమాదకరమైన 3 మిల్లీగ్రాములు ఉన్నా ఆ మీటరుకు తేడా తెలియదు. ఫ్లోరైడ్‌కు రంగు, వాసన, రుచి లేవు కాబట్టి నీరు తేటగా ఉండడం కూడా భరోసా కాదు. పైగా సున్నం శాతం తక్కువగా ఉండి, నోటికి మెత్తగా తగిలే నీటిలోనే రాతిపొరల నుండి ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగే అవకాశం ఉంది.

గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులలో సామాన్యులు కూడా స్వల్ప రుసుముతో నీటిని పరీక్ష చేయించుకోవచ్చు. దగ్గరి ల్యాబు ఎక్కడుందో గ్రామ సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంటును అడగండి. బోరును కొన్ని నిమిషాలు నడిపించి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండు మూడుసార్లు కడిగి, నింపి, తేదీ, స్థలం రాసి ఇవ్వండి. సూక్ష్మక్రిముల పరీక్షకు మాత్రం ల్యాబువారిచ్చే క్రిమిరహితమైన సీసానే వాడాలి. దానిని కడగకుండా నింపి, చల్లగా ఉంచి అదే రోజు అందజేయాలి. ఫ్లోరైడ్‌తో పాటు నైట్రేటు (మలమూత్రాలు, ఎరువుల నుండి నీటిలో చేరే లవణం) కూడా చూడమని అడగండి. దాని పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. బోరుకు దగ్గరలో మరుగుదొడ్డి గుంత గాని, పశువుల కొట్టం గాని ఉంటే ఈ పరీక్ష తప్పనిసరి. ఇక 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ-కోలై (మలం ద్వారా నీటిలో చేరే సూక్ష్మక్రిమి) ఒక్కటి కూడా ఉండకూడదు.

కాచడం వల్ల క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు; నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని శాతం కొంచెం పెరుగుతుంది కూడా. సరిగా పనిచేసే ఆర్.ఓ. యంత్రం ఫ్లోరైడ్‌ను బాగా తగ్గిస్తుంది. మీరు ప్లాంటు నుండి క్యాను తెచ్చుకునేటట్లయితే, అక్కడ కూడా మీటరు అంకె కాకుండా ల్యాబు రిపోర్టే చూపించమనండి. ఫలితం వచ్చేవరకు పాపకు బోరు నీరు ఇవ్వకండి. రిజర్వాయరు నుండి వచ్చే కుళాయి నీరు దొరికితే, దానిని కాచి తాగడానికే గాక అన్నం, పప్పు వండడానికి కూడా వాడండి. ఏడేళ్ల వయసులో ఇంకా బయటికి రాని శాశ్వత దంతాలు చిగుళ్ల లోపల రూపుదిద్దుకుంటూనే ఉంటాయి కాబట్టి, ఇప్పుడు నీరు మార్చినా వాటికి మేలు జరుగుతుంది. పాప బడిలో తాగే నీటిని కూడా ఇదే విధంగా పరీక్ష చేయించమని ప్రధానోపాధ్యాయులను కోరండి.