పోర్టు నంబర్లు బట్టీ పడితే సెక్యూరిటీ ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ ఫైనలియర్. ఇంటర్వ్యూలో పోర్టు నంబర్లు అడిగితే చెప్పలేకపోయాడట. అప్పట్నుంచీ చార్టు రాసుకుని బట్టీ పడుతున్నాడు. హైదరాబాద్‌లో లక్షన్నర కట్టి ఎథికల్ హ్యాకింగ్ కోర్సులో చేరతానంటాడు. మా తోడల్లుడి కొడుకు ఫుల్‌స్టాక్ నేర్చుకుని ఉద్యోగంలో చేరిపోయాడు. మొన్న వీడు మా షాపు సీసీ కెమెరా పోర్టు బయటికి తెరిచి ఉందంటూ ఏదో కెలుకుతుంటే కోప్పడ్డాను. రెండు కోర్సుల్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి. – ఒక తండ్రి, తెనాలి

జవాబు: పోల్చి చెబుతాను గానీ, ముందు మీ తోడల్లుడి కొడుకును కాస్త పక్కన పెట్టండి. లక్షన్నర పోసినా పిల్లాడు ఇంట్లోనే కూర్చుంటే నలుగురిలో ఏం చెప్పుకోవాలన్నదే మీ బెంగ. ఫైనలియర్ పిల్లల తండ్రులు చాలామంది నా దగ్గరికి ఇదే బెంగతో వస్తారు. ఒక ఇంటర్వ్యూ పోయినంత మాత్రాన కొంప మునగలేదు.

నెట్‌లో కంప్యూటర్ చిరునామా అయిన ఐపీ అడ్రసు మనల్ని విజయవాడ బస్టాండు దాకా తెస్తుంది. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పే ప్లాట్‌ఫారం నంబరే పోర్టు. ప్లాట్‌ఫారాలన్నీ కంఠతా వచ్చినవాణ్ని ఎవరూ డ్రైవర్‌గా తీసుకోరు కదా! 0 నుంచి 65,535 దాకా ఉన్న ఈ నంబర్లలో రోజూ పనికొచ్చేవి పాతికో ముప్ఫయ్యో. వెబ్‌సైట్లకు 443, సైటు పేరును ఐపీ అడ్రసుగా మార్చే డీఎన్‌ఎస్‌కు 53, ఇలా. పనిచేస్తుంటే అవే నోటికొస్తాయి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు నంబరు అడిగేది రెండో ప్రశ్న కోసం. దూరంలోని కంప్యూటర్‌ను నడిపించే టెల్నెట్ 23లో ఉండగా 22లో ఎస్‌ఎస్‌హెచ్ ఎందుకు వచ్చింది? టెల్నెట్‌లో పాస్‌వర్డు ఉన్నదున్నట్టు వైరు మీద వెళ్లిపోతుంది, మధ్యలో కాపు కాసినవాడు చదివేయొచ్చు. ఫిన్లాండ్‌లో తన యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో అలా పాస్‌వర్డులు ఎవరో కాజేశాకే 1995లో తాతు ఇలోనెన్ అనే పరిశోధకుడు అన్నీ సంకేతాల్లోకి మార్చి పంపే ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. ఈ సంగతి తెలిసిన పిల్లాడు నంబరు మరిచిపోయినా గట్టెక్కుతాడు.

ఇక ఎథికల్ హ్యాకింగ్, అంటే యజమాని అనుమతితో కంప్యూటర్లలో లొసుగులు వెతికే పని, దాని మోజు గురించి. ముసుగేసుకున్న మనిషి బొమ్మ, కింద ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అని అక్షరాలు. ఆ పోస్టర్లంటే నాకు మొదట్నుంచీ అనుమానమే. తన సర్వర్లను పరీక్షించే పనిని ఏ కంపెనీ అయినా నిన్న డిగ్రీ పట్టా పుచ్చుకున్న కుర్రాడి చేతిలో పెడుతుందా? చాలామంది ఫ్రెషర్లకు దొరికేది నైట్ షిఫ్టులో అలర్టులు చూసే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్, అంటే ఎస్‌ఓసీ పని, లేదంటే నెట్‌వర్క్ సపోర్టు. అది చిన్న పనేం కాదు, కానీ పోస్టర్‌లో ఆ మాట ఉండదు.

2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వచ్చింది గుర్తుందా? విండోస్ ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్టు గుండా పాకింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. దానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. 445 అంటే ఏమిటో తెలిసినవాళ్లు లేక కాదు, ప్యాచ్ వేయని మిషన్లు ఎన్నున్నాయో చూసి, వేయించేవాళ్లే కరువయ్యారు. ఏ మిషన్‌లో ఏ పోర్టు తెరిచి ఉంది, అవసరమా, ఎవరిని అడిగి మూయించాలి? ఈ ఉద్యోగంలో సింహభాగం ఇదే. ఓపిక లేనివాడికి విసుగు పుడుతుంది.

మీ కెమెరా విషయంలో మాత్రం తప్పు మీదే, మొహమాటం లేకుండా చెబుతున్నా. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రాం) 23, 2323 పోర్టులు తెరిచి ఉన్న కెమెరాలు, డీవీఆర్‌లు వెతికి, ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చనివాటిని లోబరుచుకుంది. ఆ సైన్యంతోనే ఆ అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద సైట్లను పడగొట్టారు. మీవాడు ఎవరూ చెప్పకుండానే షాపులో ముప్పు కనిపెడితే, మెచ్చుకోవలసింది పోయి కసురుకుంటారా? ఈ రాత్రే షాపు మూశాక వాడితో కూర్చోండి. రౌటర్‌లో బయటివాళ్లను కెమెరా దాకా పంపే ఆ పోర్టు ఫార్వర్డింగ్ తీయించండి, పాస్‌వర్డు మార్పించండి. సొంత వస్తువు మీద ఇలాంటి పని తప్పు కాదు. కాలేజీ సర్వర్ జోలికి మాత్రం అనుమతి లేకుండా వెళ్లొద్దనండి. ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా పడొచ్చు.

ఫుల్‌స్టాక్ సంగతి రెండు ముక్కల్లో. వెబ్‌సైటును ముందు నుంచి వెనక దాకా మొత్తం కట్టే పని అది. కొత్తది కట్టడం ఇష్టమైతే అది మంచి దారే. అక్కడా మై‌ఎస్‌క్యూఎల్ డేటాబేస్ పోర్టు 3306ను ఇంటర్నెట్‌కు తెరిచి వదిలేసే డెవలపర్లకు కొదవ లేదు కాబట్టి ఈ పోర్టుల చదువు వృథా పోదు. మీవాడి చూపు మాత్రం ఎక్కడ కన్నం ఉందా అన్న వైపే ఉన్నట్టుంది.

అందుకని ఇప్పుడే డబ్బు కట్టొద్దు. మూడు నెలలు ఇంట్లోనే లినక్స్, నెట్‌వర్కింగ్ పునాదులు నేర్చుకోనివ్వండి. తెరిచి ఉన్న పోర్టులు చూపే ఎన్‌మ్యాప్, నెట్‌వర్క్‌లో పోయే డేటా చూపే వైర్‌షార్క్ ఉచితమే. ఎన్‌పీటీఎల్ ఆన్‌లైన్ పాఠాలూ ఉచితమే. స్కాన్ చేసి చూసుకోవడానికి ఎన్‌మ్యాప్ వాళ్లు ఒక సర్వర్‌నే వదిలిపెట్టారు. మూడు నెలలయ్యాక మీ రౌటర్‌లో ఏయే పోర్టులు తెరిచి ఉన్నాయో, ఎందుకో మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. చెప్పగలిగితే కోర్సు గురించి ఆలోచించండి. అప్పుడైనా ల్యాబ్ గంటలెన్నో, పోయిన బ్యాచ్ పిల్లలకు ఏ హోదాలో ఉద్యోగాలొచ్చాయో మీరే వెళ్లి అడగండి. ఫీజు వాయిదాల్లో తీసుకోనంటే ఇంకోచోటు చూసుకోండి.