కొలెస్ట్రాల్‌కు ఆర్ఎన్ఏ ఇంజెక్షన్.. జన్యువులు దెబ్బతింటాయా?

ప్రశ్న: నా వయసు 56. రెండేళ్ల క్రితం స్టెంట్ వేశారు. అటోర్వాస్టాటిన్ 80, ఎజెటిమైబ్ 10 మి.గ్రా. వాడుతున్నా ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 112 నుంచి దిగడం లేదు. ఆరు నెలలకోసారి ఇంక్లిసిరాన్ ఇంజెక్షన్ చేయించుకోమంటున్నారు. ఆర్ఎన్ఏ మందట. జన్యువులు మారిపోతాయా? మాత్రలు మానేయొచ్చా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఈ మందు జన్యువుల జోలికి వెళ్లదు. డీఎన్ఏ ఉండేది కణకేంద్రకంలో. ఇది పనిచేసేది దాని బయట, ప్రొటీన్ తయారీకి సమాచారం మోసుకొచ్చే మెసెంజర్ ఆర్ఎన్ఏ మీద.

రక్తంలోని ఎల్‌డీఎల్‌ను కాలేయ కణాల్లోకి లాగే రిసెప్టార్లు ఉంటాయి. పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్ వాటిని నాశనం చేయిస్తుంది. ఇంక్లిసిరాన్ రెండు పోగుల చిన్న ఆర్ఎన్ఏ. పీసీఎస్‌కే9 సమాచారం మోస్తున్న ఆర్ఎన్ఏను పట్టుకుని ముక్కలు చేయిస్తుంది. దాంతో రిసెప్టార్లు నిలుస్తాయి, ఎల్‌డీఎల్ సుమారు సగానికి పడిపోతుంది. మందుకు తగిలించిన చక్కెర భాగాలను కాలేయ కణాలు గుర్తుపట్టి లోపలికి తీసుకుంటాయి. కోవిడ్ ఎంఆర్ఎన్ఏ టీకాను తలచుకుని భయపడేవాళ్లున్నారు గానీ, అది ప్రొటీన్‌ను తయారు చేయించేది, ఇది ఆపించేది.

మాత్రలు మాత్రం మానొద్దు. గుండెపోటు ముప్పును స్టాటిన్లు (మీ అటోర్వాస్టాటిన్ ఈ రకమే) తగ్గిస్తాయనడానికి దశాబ్దాల ఆధారాలున్నాయి. ఇంక్లిసిరాన్‌కు అనుమతులు వచ్చింది ఎల్‌డీఎల్ తగ్గించినందుకు. పైగా స్టాటిన్ వాడితే పీసీఎస్‌కే9 కొంత పెరుగుతుంది, దానికి ఈ ఇంజెక్షన్ సరైన విరుగుడు.

ఇంతకీ మాత్రలు రోజూ వేసుకుంటున్నారా? వారంలో రెండు మూడు రోజులు తప్పినా ఎల్‌డీఎల్ దిగదు. థైరాయిడ్ తగ్గినా, మూత్రంలో ప్రొటీన్ ఎక్కువగా పోతున్నా అంతే. ఖరీదైన మందుకు ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), మూత్ర పరీక్ష చేయించండి.

మోతాదు 284 మి.గ్రా., అంటే 1.5 మి.లీ. పొట్ట, పైచేయి లేదా తొడ దగ్గర చర్మం కింద నర్సు లేదా డాక్టర్ ఇస్తారు. మొదటి డోసు తర్వాత మూడు నెలలకు రెండోది, ఆపై ఆరు నెలలకోసారి. మూడు నెలల లోపు ఆలస్యమైతే వెంటనే వేయించుకుని పాత లెక్కనే కొనసాగించాలి. అంతకు మించితే మళ్లీ మొదటి నుంచీ. సూది గుచ్చిన చోట నొప్పి, ఎరుపు, దద్దురు రావచ్చు. డయాలసిస్ చేయించుకునేవారు ఇంజెక్షన్ తర్వాత 72 గంటల దాకా ఆగాలి. గర్భిణులకు ఇవ్వరు.

రెండో డోసుకు వెళ్లేటప్పుడు లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు తీసుకెళ్లండి. స్టెంట్ ఉంది కాబట్టి మీ ఎల్‌డీఎల్ లక్ష్యం 55 లోపు.