రీబూట్ తర్వాత గ్లస్టర్ హీల్ అవుతుంటే వీఎంలు ఆగిపోకుండా చూడడం ఎలా?

మూడు కాపీల గ్లస్టర్ (పలు సర్వర్ల డిస్కులను కలిపి ఒకే నిల్వగా చూపే సాఫ్ట్‌వేర్) వాల్యూమ్‌లో ఒక సర్వర్‌ను అప్‌డేట్ చేసి రీబూట్ చేస్తే వీఎంలు (వర్చువల్ మెషీన్లు) స్తంభించాయని, కొన్నింటి డిస్కు రీడ్ ఓన్లీ అయిందని రాశారు. రెండేళ్ల కిందట నాకూ అచ్చంగా ఇదే జరిగింది. రాత్రి పదకొండు గంటలకు మా అకౌంట్స్ వీఎం కన్సోల్ తెరిస్తే, ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ రీడ్ ఓన్లీగా మారినట్టు చెప్పే వరుస తెర మీద నిలిచి ఉంది. గుండె జారిపోయింది.

నేనూ మీలాగే ముందు హీలింగ్‌నే, అంటే తిరిగొచ్చిన సర్వర్‌లోని పాతబడ్డ కాపీని మిగతావాటితో సరిచేసే పనినే, అనుమానించాను. లాగ్‌లోని సమయాలు చూస్తే, దెబ్బ అంతకుముందే, సర్వర్ ఆగిపోయేటప్పుడే తగిలిందని తేలింది. సర్వర్ చెప్పకుండా మాయమైతే క్లయింటు (వీఎంల తరఫున గ్లస్టర్‌తో మాట్లాడే భాగం) దాని కోసం 42 సెకన్లు ఎదురుచూస్తుంది. పింగ్ టైమౌట్ డిఫాల్ట్ విలువ అది. వీఎం లోపలి లినక్స్ స్కజీ (డిస్కును కలిపే ఒక పద్ధతి) డిస్కు జవాబు కోసం మామూలుగా 30 సెకన్లే ఆగుతుంది. ఆ తేడాలోనే వీఎం దెబ్బతింటుంది.

అందుకే రీబూట్‌కు ముందు ఆ సర్వర్ మీద ఉన్న వీఎంలను తరలించి, బ్రిక్ (ఆ సర్వర్‌లో కాపీ ఉండే చోటు) ప్రాసెస్‌లను మీరే ఆపండి. నిర్వహణ చూసే గ్లస్టర్‌డీ సర్వీసును ఆపితే చాలదు, బ్రిక్ ప్రాసెస్ అయిన గ్లస్టర్‌ఎఫ్‌ఎస్‌డీ నడుస్తూనే ఉంటుంది. నెట్‌వర్క్ ఉండగానే అది ఆగితే కనెక్షన్ సక్రమంగా తెగుతుంది, క్లయింటు వెంటనే మిగతా రెండు కాపీలతో పని సాగిస్తుంది.

ఇక హీలింగ్ భారం. షార్డింగ్ (పెద్ద ఫైలును ముక్కలుగా దాచే ఏర్పాటు) ఉంటే ఇమేజ్, అంటే వీఎం డిస్కు ఫైలు, మామూలుగా 64 ఎంబీ ముక్కలుగా ఉంటుంది, మారిన ముక్కలే హీల్ అవుతాయి. లేకపోతే 200 జీబీ ఇమేజ్‌లో కాస్త మారినా ఫైలు మొత్తాన్నీ చూడాల్సి వస్తుంది. అలాగని వీఎంలు ఉన్న వాల్యూమ్‌లో షార్డింగ్‌ను ఇప్పుడు ఆన్ చేయకండి, దయచేసి. అది కొత్త ఫైళ్లకే వర్తిస్తుంది, పాత ఇమేజ్‌లు ముక్కలు కావు. కొత్త వాల్యూమ్ చేసి, డిస్కులను అక్కడికి మార్చుకోండి. సెల్ఫ్ హీల్ థ్రెడ్లను (ఒకేసారి ఎన్ని హీల్స్ నడవాలో చెప్పే సంఖ్య) కూడా ఒక్కసారిగా పెంచవద్దు. మావి తిరిగే డిస్కులు, ఎనిమిది పెడితే వీఎంలు ఈడ్చుకుంటూ నడిచాయి, రెండుకు తగ్గించాక ఊపిరి పీల్చుకున్నాయి.

హీల్ ఇన్ఫో కమాండ్‌లో (ఇంకా హీల్ కావాల్సినవాటి జాబితా చూపేది) మూడు బ్రిక్‌లకూ సున్నా వచ్చేదాకా రెండో సర్వర్ జోలికి పోకండి. ముందే దాన్ని ఆపితే, ఇంకా హీల్ కాని ముక్కలకు సరైన కాపీ ఒక్కటే మిగులుతుంది. నడుస్తున్న వీఎంల వల్ల ఒకటి రెండు ఎంట్రీలు వచ్చిపోతుంటాయి, వాటికి కంగారుపడనక్కర్లేదు. అవే పేర్లు కదలకుండా ఉండిపోతే మాత్రం ఆగి చూడండి. పోయినసారి మాకు 1,300 ఎంట్రీలు తగ్గడానికి నలభై నిమిషాలు పట్టింది. రెండో సర్వర్‌ను మర్నాడు రాత్రికి వాయిదా వేశాం.