బొర్రా గుహల్లో నేను విరిచిన వేలెడు రాయి

గుహల్లో నేల నుంచి పైకి లేచే రాళ్లు ఎలా పెరుగుతాయి, వాటిని బట్టి పాతకాలం వానల సంగతి ఎలా చెబుతారు అని అడిగారు. మాది విజయనగరం జిల్లా ఎస్.కోట. కిరండూల్ పాసింజర్ ఎక్కితే బొర్రా గుహలు మాకు దగ్గరే.

ఎనిమిదో తరగతిలో స్కూలు పిల్లలందరం వెళ్లాం. ఓ మూల తడిగా మెరుస్తూ వేలెడంత రాయి. పైనుంచి ఒక్కో చుక్కా సరిగ్గా దాని నెత్తినే పడుతోంది. ఎవరూ చూడకుండా విరిచి జేబులో వేసుకున్నాను. మా తాత రైతు. వాన పడిన ప్రతిసారీ దుక్కికి సరిపడా పడిందా, ఉత్త జల్లేనా అని పంచాంగం అంచున రాసుకునేవారు. ఆ రాయిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎన్నేళ్లకి ఇంతయిందోరా గుంటడా, ఇరిచేశావా" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జవాబు చాలా ఏళ్లకి తెలిసింది. వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని, సున్నపురాయిని కరిగించుకుంటూ దిగుతుంది. గుహలోకి రాగానే ఆ వాయువు గాలిలోకి పోతుంది, సున్నం పొరలుగా పేరుకుంటుంది. చాలా గుహల్లో ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు కూడా పెరగదు. నేను విరిచింది రెండంగుళాలు. అంటే కనీసం 500 ఏళ్లు!

పొరల్లో చిక్కిన యురేనియం కాలం గడిచేకొద్దీ థోరియంగా మారుతుంది, ఆ రెండింటి పాళ్లను బట్టి పొరల వయసు లెక్కగడతారు. వానలు బాగా కురిసిన కాలపు పొరల్లో బరువైన ఆక్సిజన్ (మామూలు దానికంటే కాస్త బరువుండే ఆక్సిజన్ రకం) తక్కువగా ఉంటుంది, కరువు కాలపు పొరల్లో ఎక్కువ. మా కిరండూల్ రైలు లైన్లోనే, ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న జగ్దల్‌పూర్ దగ్గర దండక్ గుహ ఉంది. అక్కడి ఒక రాయిలో క్రీ.శ. 600 నుంచి 1500 దాకా రుతుపవనాల లెక్క దొరికింది. 14వ శతాబ్దంలో వానలు బాగా తగ్గిపోయినట్టు అందులో తేలింది. మన వాతావరణ శాఖ పుట్టిందే 1875లో. అంతకు ముందరి లెక్కకు ఈ రాళ్లను మించిన పంచాంగం లేదని నా గట్టి నమ్మకం.

కానీ మన పాఠాల్లో ఇదేమీ ఉండదు. పైనుంచి వేలాడేది ఏది, కింద నుంచి లేచేది ఏది, రెండు మార్కులు, అంతే. అందుకే జనం గుహల్లో పేర్లు చెక్కుతారు, ప్రతి రాయినీ తడుముతారు. చేతి జిడ్డు అంటితే ఆ పైన సున్నం సరిగా పట్టదు. ఎప్పుడూ వెలిగే లైట్ల వల్ల నాచు కూడా పడుతుంది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా పాపని తీసుకెళ్లి ఆ మూల వెతికి పట్టుకున్నాను. మొండి మీద చుక్క ఇంకా పడుతూనే ఉంది. ముప్పై ఏళ్లలో మహా అయితే మూడు మిల్లీమీటర్లు పెరిగి ఉంటుంది. నా కంటికి ఆనలేదు.