పాత మిర్రర్‌లెస్ కెమెరా కొనేముందు లెన్సులోకి టార్చి వేసి చూడండి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండి. మాది మలికిపురం దగ్గర పల్లెటూరు. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ఫొటోలు నాకు సరదా, డబ్బుకు తియ్యను. నికాన్ డి3200, దానితో వచ్చిన 18-55, 55-200 లెన్సులు ఉన్నాయి. పగలు ఫొటోలు బాగానే వస్తాయి. రాత్రి పెళ్లి పందిట్లో మాత్రం మనుషులు కదిలిపోయినట్టు వస్తున్నారు. మొన్న మా చెల్లెలి కూతురి బారసాలలో షట్టర్ చప్పుడుకి పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. వీడియో తీస్తే ఫోకస్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. సెకండ్ హ్యాండ్‌లో పాత మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) కొందామని 45 వేలు దాచాను. సోనీ ఏ6000, కానన్ ఎం50, ఫ్యుజి ఎక్స్-టి20, నికాన్ జెడ్50, ఈ నాలుగింట్లో ఏదో తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది. మా స్నేహితుడు ఇంకో ఏడాది ఆగి ఫుల్‌ఫ్రేమే కొనమంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, మలికిపురం

జవాబు: మీరు లెక్కల మాస్టారు కాబట్టి ముందు ఒక లెక్క వేద్దామండి. మీ 18-55 లెన్సుని 55 దగ్గరకి, అంటే పూర్తి జూమ్‌కి తిప్పితే అది తెరుచుకోగలిగింది ఎఫ్5.6 వరకే. ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది. అదే ఎఫ్1.4 లెన్సు పెడితే? 5.6ని 1.4తో భాగించి, వచ్చిందాన్ని వర్గం చెయ్యండి. పదహారు. అంటే పదహారు రెట్ల వెలుగు. పందిట్లో సెకనులో 15వ వంతు సేపు తెరుచుకోవాల్సిన షట్టర్‌కి 240వ వంతు చాలు. తలంబ్రాలు పోస్తున్న చేతులు కదిలిపోకుండా వస్తాయి.

ఇక మీ స్నేహితుడి మాట. ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్, అంటే వెలుగుని పట్టే పలక, 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. మీరు చెప్పిన నాలుగు కెమెరాల్లో ఉన్నది సుమారు 23.5, 15.6, కానన్‌ది ఇంకాస్త చిన్నది. వైశాల్యం కట్టి చూస్తే తేడా రెండింతల పైచిలుకు, అంతే. పదహారు రెట్లు ఇచ్చే లెన్సు వదిలేసి, రెండింతలు ఇచ్చే సెన్సార్ కోసం ఏడాది ఆగమని నేను చెప్పను. పైగా ఫుల్‌ఫ్రేమ్ బాడీ పాతది దొరికినా దాని లెన్సులు బరువు, ఖరీదు. డబ్బంతా బాడీకే పోసి, దాని ముందు ఏదో ఒక చవక జూమ్ తగిలించి తిప్పేవాళ్లని మా అమలాపురంలోనే చూస్తున్నాను. వాళ్ల రాత్రి ఫొటోలు మీ వాటికంటే ఏమంత మెరుగ్గా లేవు.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మీ బాధ ఒక్క చీకటే అయితే కొత్త కెమెరా అక్కర్లేదు. నికాన్ 35 ఎఫ్1.8 లెన్సు ఒకటి మీ డి3200కే పెట్టుకుంటే దాదాపు పది రెట్ల వెలుగు వస్తుంది. కొనేటప్పుడు దాని మీద ఏఎఫ్-ఎస్ (లెన్సులోనే ఫోకస్ మోటారు ఉన్న రకం) అని ఉందో లేదో చూడండి. పాత ‘డి’ రకం లెన్సులు మీ బాడీ మీద ఆటోఫోకస్ కావు, ఎందుకంటే డి3200 లోపల ఫోకస్ మోటారు లేదు. కానీ మీరు బారసాల సంగతి, వీడియో సంగతి కూడా రాశారు. ఆ రెండూ లెన్సుతో తీరవు. లోపల అద్దం లేచి పడే చప్పుడు, తెర మీద చూస్తూ తీసేటప్పుడు ఫోకస్ తడుముకోవడం ఆ కాలపు డీఎస్‌ఎల్‌ఆర్‌ల (మీ కెమెరా లాంటి అద్దం ఉన్నవాటి) తత్వం. అందుకని మిర్రర్‌లెస్‌కి మారాలన్న మీ ఆలోచన సరైనదే.

ఇప్పుడు మీ నాలుగూ చూద్దాం.

కానన్ ఎం50, 2018లో వచ్చింది. తెర పూర్తిగా తిరుగుతుంది, మైకు పెట్టుకోవచ్చు, మామూలు ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఫోకస్ మనిషి ముఖాన్ని వదలదు. వీడియో మాత్రమే అయితే నేనే కొనమనేవాణ్ణి. ఇంకా స్పష్టమైన 4కే వీడియోలో మాత్రం చిత్రం అంచులు బాగా కోసుకుపోతాయి, ఆ మంచి ఫోకస్ కూడా పని చెయ్యదు. అసలు చిక్కు వేరే ఉంది. దీని లెన్సుల వరుసని కానన్ ఆపేసింది. కొత్త కానన్ మిర్రర్‌లెస్‌లన్నీ ఆర్ఎఫ్ అనే వేరే మౌంట్‌వి (లెన్సు బిగించే అమరిక), ఎం లెన్సులు వాటికి పట్టవు. ఇంట్లో కానన్ డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సులు ఉన్నవాళ్లు అడాప్టర్‌తో వాడుకుంటారు. మీ దగ్గర ఉన్నవి నికాన్‌వి.

నికాన్ జెడ్50, 2019. నాలుగింట్లోకి కొత్తది, మంచిది. ఎఫ్‌టీజెడ్ అనే అడాప్టర్ వేస్తే మీ రెండు లెన్సులూ ఆటోఫోకస్‌తో సహా పని చేస్తాయి, ఎందుకంటే అవి ఏఎఫ్-ఎస్ రకం. కానీ బాడీ, అడాప్టర్ కలిపితే మీ 45 వేలు అయిపోతాయేమో చూసుకోండి. అప్పుడు మీ చేతిలో మిగిలేది అదే ఎఫ్5.6 లెన్సు, అవే కదిలిపోయిన తలంబ్రాలు. లెన్సుకి కూడా డబ్బు మిగిలే ధరకి దొరికితే మాత్రం కళ్లు మూసుకుని తీసుకోండి.

ఫ్యుజి ఎక్స్-టి20, 2017. రంగులు నాకు ప్రాణం. పట్టుచీర ఎరుపు, అరటి ఆకు పచ్చ కంప్యూటర్ ముట్టుకోకుండానే చక్కగా వస్తాయి. ఈ మధ్య పాత ఫ్యుజీలకి గిరాకీ పెరిగి, ధర వయసుకి తగ్గట్టు దిగడం లేదు.

సోనీ ఏ6000 వచ్చింది 2014లో. 24 మెగాపిక్సెళ్లు, సెకనుకి 11 ఫొటోలు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి గంగలకుర్రు ప్రభలు (జనం భుజాల మీద మోసే ఎత్తైన అలంకరణలు) కౌశిక నది దాటి వచ్చే సమయంలో ఆ 11 ఎంత అవసరమో అక్కడ నిలబడ్డవాళ్లకి తెలుసు. కేవలం ఫొటోలకైతే ఈ రోజుకీ ఇది చాలు. కానీ మామూలు మైకు వైరు గుచ్చే దారి లేదు, చప్పుడు లేకుండా తీసే సదుపాయమూ లేదు. మీ బారసాల సమస్య అలాగే ఉండిపోతుంది.

అందుకని మీరు అడగని ఐదోది చెబుతున్నాను. సోనీ ఏ6300, 2016ది. ఏ6000 బలాలన్నీ ఉన్నాయి, ఫోకస్ ఇంకా చురుకు, మైకు దారి ఉంది, సైలెంట్ షట్టర్ ఉంది, 4కే ఉంది. బాడీకి 30 వేలు దాటనివ్వకండి. మిగిలిన దానికి మీ నికాన్ సెట్టు అమ్మగా వచ్చింది కలిపి సిగ్మా 30 ఎఫ్1.4 తీసుకోండి. నా దగ్గరకి వచ్చే కుర్రాళ్లలో ఎక్కువమంది చేత నేను కొనిపించేది ఈ లెన్సే. పందిట్లో వధూవరులు నడుము వరకూ, బారసాలలో ఉయ్యాల, అమ్మ ముఖం, అన్నీ దీంట్లో సరిపోతాయి. 16-50 కిట్ లెన్సు బాడీతో పాటు చవగ్గా వస్తే వదలకండి, ప్రభల్ని మొత్తంగా పట్టాలంటే వెడల్పు కావాలి. సోనీ ఈ-మౌంట్ ఇప్పటికీ నడుస్తున్న వరుస, రేపు బాడీ మార్చినా లెన్సులు మీతోనే వస్తాయి.

దీనికీ లోపాలున్నాయి. బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) లేదు, ఆ సిగ్మాలోనూ లేదు. చేత్తో పట్టుకుని నడుస్తూ వీడియో తీస్తే ఊగుతుంది, ట్రైపాడ్ కావాలి. మే నెల ఎండలో 4కే ఏకబిగిన తీస్తే వేడెక్కి ఆగిపోతుంది, అప్పుడు ఫుల్ హెచ్‌డీలో పెట్టుకోండి. బ్యాటరీ చిన్నది, పెళ్లికి మూడైనా ఉండాలి. సైలెంట్ షట్టర్‌ని ఎల్ఈడీ సీరియల్ లైట్ల కింద వాడకండి, ఫొటో అడ్డంగా పట్టీలు పట్టీలుగా వస్తుంది. కిటికీ వెలుగులో నిద్రపోతున్న పసిపాపకైతే దాన్ని మించింది లేదు.

ప్రశ్న: కాకినాడలో ఒకాయన తన మిర్రర్‌లెస్ అమ్ముతున్నారు. షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా తీసిన ఫొటోల లెక్క) తొమ్మిది వేలే అంటున్నారు. ఆదివారం వెళ్లి చూస్తాను. ఏమేం చూడాలి?
– ఒక పాఠకురాలు, యానాం

జవాబు: షట్టర్ కౌంట్ చూడండమ్మా, కానీ దానికి అంత విలువ ఇవ్వకండి. నికాన్ అయితే ఫొటో ఫైల్లోనే ఆ అంకె ఉంటుంది, అప్పటికప్పుడు ఒకటి తీయించి మీ కార్డులో తెచ్చుకోండి. కానన్ ఎం వరుస ఫైళ్లలో అది ఉండదు, కాబట్టి అమ్మేవారు చెప్పిందే లెక్క. తొమ్మిది వేలు తీసి నాలుగేళ్లు బీరువాలో పడేసిన కెమెరా కంటే, లక్ష తీసి వారం వారం వాడిన కెమెరానే నేను నమ్ముతాను. మన తీరంలో కెమెరాని చంపేది వాడకం కంటే తేమ, ఉప్పుగాలి.

పగటిపూట వెళ్లండి. లెన్సు ఊడదీసి, రెండు మూతలూ తీసి, వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి, ముందు నుంచి చూడండి. నాలుగు దుమ్ము రేణువులు ఉంటే ఫర్వాలేదు. సాలెగూడు పోగుల్లాగా, చెట్టు కొమ్మల్లాగా సన్నని గీతలు కనిపిస్తే అది ఫంగస్. పొగమంచు పొరలా ఉన్నా వద్దు. అమ్మేవాళ్లు గుడ్డతో ముందు గాజు తుడిచి “చూడండి, అద్దంలా ఉంది” అంటారు. మీరు చూడాల్సింది లోపలి గాజులు.

తరవాత బ్యాటరీ గది తెరిచి చూడండి. రాగి చుక్కల మీద పచ్చగా చిలుము పట్టిందా, పైన ఫ్లాష్ పెట్టే చోట, కింద ట్రైపాడ్ మర దగ్గర తుప్పు ఉందా. ఈ మూడు చోట్లా శుభ్రంగా ఉంటే ఆ కెమెరాని సముద్రపు ఒడ్డున నిర్లక్ష్యంగా తిప్పలేదని అర్థం. లెన్సు మౌంట్ మరల తలలు అరిగి ఉంటే ఎవరో ఇంట్లోనే విప్పారన్నమాట. మడత తెరని అటూ ఇటూ కదిపి చూడండి, ఒక్క క్షణం ఆరిపోయినా లోపలి రిబ్బన్ పోవడానికి సిద్ధంగా ఉన్నట్టే. కళ్లు పెట్టి చూసే వ్యూఫైండర్‌లో కదలని మచ్చ ఉంటే దాన్ని ఎండకి ఎదురుగా వదిలేశారు, ఆ మచ్చ పోదు. బ్యాటరీ ఉబ్బి ఉంటే వేరేది కొనాల్సిందే.

సెన్సార్ కోసం ఎఫ్16లో పెట్టి ఖాళీ ఆకాశాన్ని ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. చుక్కలు దుమ్ము, శుభ్రం చేయించవచ్చు. గీత ఉంటే మాత్రం వెనక్కి వచ్చెయ్యండి. ముడుచుకునే కిట్ లెన్సు అయితే పదేపదే ఆన్ ఆఫ్ చేసి, జూమ్ చేసి చూడండి. సోనీ కెమెరా అయితే మెనూలో భాషలు చూడండి, జపాన్ మార్కెట్ కోసం చేసినవి కొన్ని జపనీస్ తప్ప మరో భాషకి మారవు. చివరిగా బిల్లు మీది సీరియల్ నంబరు, బాడీ కింది నంబరు కలుస్తున్నాయో లేదో చూసి, బిల్లు వెనక అమ్మినవారి సంతకం తీసుకోండి. దొంగ సొత్తు మీ ఇంటికి రాకూడదు.

ప్రశ్న: వానాకాలం అయ్యేసరికి నా 50 లెన్సులో చిన్న ఫంగస్ గీత వచ్చింది. కెమెరాని బియ్యం డబ్బాలో పెడితే పోతుందా?
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: వద్దు. బియ్యం మీరనుకున్నంతగా తేమ పీల్చవు, పైగా ఆ పిండి లెన్సు రింగుల్లోకి దిగుతుంది. అలా పెట్టిన లెన్సులు నా బల్ల మీదకి వచ్చినప్పుడు ఆ తెల్లని పొడిని కుంచెతో దులుపుతూ కూర్చోవాల్సి వస్తుంది. బీరువాలో బట్టల మధ్య, కలరా ఉండల పక్కన కూడా పెట్టకండి, వాటి ఆవిరి ప్లాస్టిక్‌కి మంచిది కాదు.

ఫంగస్ బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. తేమ ఎక్కువై, చీకటిగా ఉండి, గాలి ఆడకపోతే మొలుస్తాయి. శ్రావణ భాద్రపదాల్లో, చుట్టూ కాలవలూ వరిచేలూ ఉన్న మన ఇళ్లలో ఈ మూడూ కుదురుతాయి. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, రెండు గుప్పెళ్ల సిలికా జెల్, లోపల తేమ చూపే చిన్న మీటరు, ఇవి చాలు. మీటరు 40, 50 శాతం మధ్య ఉండాలి. 30 కంటే దిగనివ్వకండి, మరీ ఎండినా లోపలి కందెనకి, రబ్బరుకి చేటు. నారింజ రంగు జెల్ పచ్చబడితే, నీలం జెల్ గులాబీ రంగుకి తిరిగితే తేమ నిండిందని గుర్తు. మూకుట్లో సన్నని సెగ మీద వేడి చేస్తే మళ్లీ రంగు తిరుగుతుంది. ఆ మూకుడు వంటకి వాడకండి. తోలు కేసు డబ్బాలో పెట్టొద్దు, అదే తేమని పట్టి ఉంచుతుంది.

మీ లెన్సులో గీత ఇప్పుడే వచ్చింది కాబట్టి ఆలస్యం చెయ్యకుండా శుభ్రం చేయించండి. ఫంగస్ వదిలే ఆమ్లం గాజు మీది పూతని తినేస్తుంది. అది జరిగాక ఫంగస్ పోయినా మచ్చ మిగిలిపోతుంది. వెలుగుకి ఎదురుగా తీసినప్పుడు ఫొటో తెల్లబారడం ఆ మచ్చ వల్లే. ఏసీ కల్యాణ మండపం నుంచి బయటికి వచ్చేటప్పుడు కెమెరాని సంచిలో జిప్పు వేసి ఓ ఇరవై నిమిషాలు ఉంచి, తరవాత తియ్యండి. చల్లటి గాజు మీద బయటి ఆవిరి నీరుగా పడుతుంది.

ప్రశ్న: కోరంగి మడ అడవుల్లో పక్షుల కోసం ఏ6000, 55-210 లెన్సు సరిపోతాయా?
– డిగ్రీ విద్యార్థి, కాకినాడ

జవాబు: చెక్క వంతెన మీంచి దగ్గరగా కనిపించే కొంగలకి, లకుముకి పిట్టలకి, పొద్దున్న వెలుగులో సరిపోతుంది బాబూ. సెన్సార్ చిన్నది కాబట్టి 210ని ఒకటిన్నరతో గుణిస్తే, ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 315 దాకా వస్తుంది. దూరంగా బురదమేట మీద గుంపుగా దిగే పక్షులకి చాలదు. ముందు దీంతోనే చెయ్యి కుదుర్చుకో. శీతాకాలంలో ఒకసారి కైకలూరు దగ్గర ఆటపాకకి వెళ్లు, గూడబాతులు పెద్ద పక్షులు కాబట్టి ఆ లెన్సుకే నిండుగా వస్తాయి. సెకనులో వెయ్యో వంతు కంటే షట్టర్ వేగం తగ్గనివ్వకు, వెలుగు చాలకపోతే ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 1600, 3200 వరకూ పెంచడానికి భయపడకు. సముద్రం వైపు ఇసకలో లెన్సు మార్చాలనిపిస్తే మార్చకు, బస్సెక్కాకో ఇంటికొచ్చాకో మార్చుకో. మిర్రర్‌లెస్‌లో లెన్సు తీస్తే చాలు, చాలా బాడీల్లో సెన్సార్ నేరుగా గాలికి తెరిచి ఉంటుంది.